పండితుని బల్లకు పనికిరాని రంగులు

గత నెలలో, డాలస్‌లో ఉంటున్న ఒక పాత సహోద్యోగి నాకు ఒక వేలం కేటలాగులోని పుటను ఫొటో తీసి పంపారు. అందులో ఉన్నది కుంచెలు ఆనించుకునే దన్ను. ఐదు కొండ శిఖరాలు పక్కపక్కన నిలబడినట్టుగా, నడిమిది అన్నిటికంటె ఎత్తుగా, తడి కుంచెను రెండు శిఖరాల సందులో పెడితే దాని వెంట్రుకలు బల్లకు తగలకుండా ఉండేలా చేసిన, అరచేతి వెడల్పు వస్తువు. రాగి ఒంటి మీద సన్నని తీగలతో గళ్ళు కట్టి, ఆ గళ్ళలో నెమలికంఠపు రంగు గాజుపొడి నింపి కాల్చిన పని అది. శిఖరాల అంచుల మీద బంగారు మలాము ఇంకా మెరుస్తూనే ఉంది. కింద దాని వివరం: పండితుని బల్ల మీది వస్తువు, చైనా, ఎనామిల్, ఛింగ్ వంశకాలం (1644–1912). ధర అంచనా దాదాపు నా ఏడాది పింఛనంత ఉంది. "మీరు వీటి గురించి చదువుతూ ఉంటారు కదా, ఇది కొనదగినదేనంటారా?" అని ఆయన అడిగారు.

కొనమనడానికీ వద్దనడానికీ నాకున్న అర్హత స్వల్పం. అయితే ఆ వస్తువు కంటె దాని కింద రాసిన మాట నన్ను ఎక్కువసేపు ఆపింది. చైనా కుంచె, సిరాకడ్డీ, కాగితం, సిరా నూరే సాన అన్న నాలుగింటి చుట్టూ పెరిగిన చిన్న చిన్న వస్తువులన్నిటినీ, అవి వెదురువైనా పచ్చరాతివైనా ఎనామిల్‌వైనా, ఒకే గంపలో వేసి "పండితుని వస్తువులు" అని అమ్మడం వేలం సంస్థలకు పాత అలవాటే. వెదురు కుంచెల గొట్టానికి ఆ పేరు సరిపోతుంది. ఎనామిల్‌కు మాత్రం సరిపోదని, పైగా ఆ పేరు తగిలించి దాన్ని గౌరవించామనుకోవడం దాని అసలు చరిత్రను తుడిచివేయడమే అవుతుందని నాకు చాలాకాలంగా అనిపిస్తూ ఉంది. ఆ అనిపించడాన్ని ఈసారి కాస్త విస్తరించి రాసి చూసుకుంటున్నాను.

ఆరువందల ఏళ్ళ కిందటి తీర్పు

ఎనామిల్ వస్తువు పండితుని బల్లకు తగదని ఒక చైనా పండితుడు 1388లోనే తీర్పు చెప్పాడు. ఆయన పేరు త్సావ్ జావ్. ఈనాటి షాంఘై ప్రాంతానికి చెందినవాడు. పాత వస్తువుల మంచిచెడ్డలు పోల్చుకోవడం ఎలాగో చెబుతూ ఆయన కూర్చిన 'గగూ యావ్‌లున్' అన్న గ్రంథంలో, "అరబ్బుల బట్టీ" అన్న శీర్షిక కింద నాలుగు ముక్కలు ఉన్నాయి. రాగితో ఒళ్ళు చేసి, మందు పెట్టి కాల్చి, ఐదు రంగుల పూలు తేల్చిన పని ఇది. ధూపపాత్రలు, పూలకూజాలు, చిన్న పెట్టెలు, గిన్నెలు ఈ పనిలో చూశాను. అంతఃపురాలలో ఆడవారు వాడుకోవడానికి బాగుంటాయి తప్ప, చదువుకున్న అధికారి గదిలో ఉంచుకుని ఆనందించదగినవి కావు. దీన్నే దయ్యాల దేశపు పని అని కూడా అంటారు. సారాంశం ఇంతే. (గాజుపొడికి ఆయన వాడిన మాటకు అర్థం ఔషధం. మనం బాణసంచా పొడిని మందు అన్నట్టే వాళ్ళు కాల్చే పూతను మందు అన్నారు. మొదటిసారి ఆ సంగతి తెలిసినప్పుడు ఎందుకో నాకు సంతోషం కలిగింది.)

ఈ నాలుగు ముక్కలలో మూడు అభ్యంతరాలు కలిసిపోయి ఉన్నాయి. వస్తువు పరాయిది, రంగు ఎక్కువ, ఆడవారి గదికి చెందినది. నాలుగో అభ్యంతరం, అంటే బల్ల మీద పనికి అది ఇబ్బంది కలిగిస్తుందన్న మాట, ఎక్కడా లేదు. అప్పటికి ఆయన చూసిన వస్తువుల జాబితాలో కుంచెల దన్ను గాని, నీళ్ళ బుడ్డి గాని లేవన్నది కూడా గమనించదగిన విషయం. వాడి చూసి కాదనలేదు. చూడగానే కాదన్నాడు.

ఆడవారి గది అన్న మాట దగ్గర నాకు ఎప్పుడూ ఒక ప్రశ్న అడ్డు తగులుతుంది. ఆ గదిలో రాసుకునే బల్ల ఉండదని ఆయన ఎలా అనుకున్నాడు? తరవాతి శతాబ్దాలలో, ముఖ్యంగా యాంగ్సీ నది దక్షిణాన ఉన్న సంపన్న పట్టణాలలో, కవిత్వం రాసి అచ్చు వేయించుకున్న స్త్రీల పేర్లు వేల సంఖ్యలో దొరుకుతున్నాయి. వాళ్ళ కుంచెలు దేని మీద ఆనాయో, వాళ్ళ నీళ్ళ బుడ్డి ఏ రంగుదో కేటలాగులు పట్టించుకోవు. పండితుడు అనగానే పలుచని గడ్డంతో, వెదురు పొద పక్కన కూర్చున్న మగవాడి బొమ్మ ఒకటి అందరికీ సిద్ధంగా ఉంది. పేరు తప్పు అనడానికి నాకు దొరికిన మొదటి కారణం అదే.

పదిహేనో శతాబ్ది మధ్యలో వాంగ్ జువో అనే ఆయన ఆ గ్రంథాన్ని పెంచి రాస్తూ ఇదే చోట రెండు వాక్యాలు కలిపాడు. యునాన్ ప్రాంతపువాళ్ళు రాజధానిలో ఈ పనితో సారా గిన్నెలు చేస్తున్నారని, రాజప్రాసాదంలో తయారయ్యేవి మాత్రం నునుపుగా, ముచ్చటగా ఉంటాయని. తీర్పు మెత్తబడింది. అయితే మెత్తబరిచినది పండితుల గది కాదు, ప్రాసాదం. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పెద్ద మూతకూజా, మేఘాల నడుమ డ్రాగన్లు మెలికలు తిరుగుతున్న ఆ ప్రసిద్ధమైన కూజా, షువాన్‌డే చక్రవర్తి కాలానిది, అంటే 1426కూ 1435కూ మధ్యది. దాని మీద ప్రాసాదపు సరంజామా శాఖ పేరు కూడా ఉంది. ఆ కాలపు ఎనామిల్ ఎవరి ఇంటిదో దాని మెడ మీదే రాసి ఉందన్న మాట.

చిలుము

ఇక్కడ నా తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. పన్నెండేళ్ళ కిందట సింగపూరులో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక పాత వస్తువుల దుకాణంలో నిమ్మకాయంత నీళ్ళ బుడ్డి ఒకటి కొన్నాను. సిరా నూరుకునేటప్పుడు సాన మీద నాలుగు చుక్కలు వేసుకోవడానికి నీళ్ళు నిలవ ఉంచుకునే వస్తువు అది. నీలి నేల మీద గులాబీరంగు పూలు. అడుగున నాలుగు అక్షరాల ముద్ర: జింగ్‌తాయ్ చక్రవర్తి కాలంలో చేసినది అని. ఆయన పేరిట శకం 1450లో మొదలై 1457లోనే ముగిసింది. చైనాలో ఈ తీగల ఎనామిల్‌కు ఇప్పటికీ వాడుకలో ఉన్న పేరు జింగ్‌తాయ్ నీలం. దుకాణదారు ఆ ముద్రను వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు. నేను ధర తగ్గించమని అడగను కూడా లేదు.

ఆ ముద్రను తరవాతి కాలపు పనివాళ్ళు ఎంత ధారాళంగా వేశారో, పాత వస్తువుల అడుగులను కోసి కొత్త ముద్ర పలకలు ఎలా అతికించారో ఇంటికి వచ్చాక చదివాను. నా బుడ్డిని పట్టించింది మాత్రం ముద్ర కాదు, గులాబీరంగు. భూతద్దం కింద ఆ రేకుల రంగు పాలలో కుంకుమ కలిపినట్టు ఒకే తీరుగా, మెత్తగా ఉంది. అటువంటి గులాబీ బంగారాన్ని అతి సన్నని రేణువులుగా గాజులో కలిపితే వస్తుంది. ఐరోపాలో పదిహేడో శతాబ్ది చివర నిలదొక్కుకున్న ఆ కిటుకు చైనా ఎనామిల్‌లో కనిపించేది పద్దెనిమిదో శతాబ్దిలోనే. మింగ్ వంశకాలపు (1368–1644) పనివాడికి గులాబీ కావలసి వస్తే ఎర్ర గాజు నలుసులనూ తెల్ల గాజు నలుసులనూ ఒకే గడిలో కలిపి కాల్చేవాడు. దూరం నుంచి అది గులాబీ. దగ్గరికి వెళితే ఉప్పూ కారమూ కలిపి చల్లినట్టు నలుసులు విడివిడిగా కనిపిస్తాయి. నా బుడ్డిలో ఆ నలుసులు లేవు. తీగలు కూడా అచ్చులోంచి లాగిన తీగల్లా చివరికంటా ఒకే మందంతో ఉన్నాయి. అన్నీ కూడుకుని చూస్తే అది మా తాతగారి కంటె చిన్నదే అయి ఉంటుంది.

మోసపోయినా దాన్ని వాడి చూడాలన్న సరదా చావలేదు. నీళ్ళు పోసి బల్ల మీద ఉంచాను. మూడు వారాలు గడిచేసరికి మూతి లోపల, బంగారు మలాము అరిగిపోయిన చోట, పచ్చని గీత ఒకటి వలయంలా తేలింది. చిలుము. రాగి చెంబుల ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ పచ్చ ఏమిటో చెప్పనక్కరలేదు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. వీధిలో కళాయి వేసేవాడి కేక వినిపించగానే ఇంట్లో ఉన్న ఇత్తడంతా అరుగు మీదికి వచ్చేది.

వెన్ జెన్‌హెంగ్ చెప్పిన మాట నాకు పూర్తిగా బోధపడింది ఆ పచ్చ గీతను చూశాకే. మింగ్ వంశం చివరి దశకాలలో, సూజౌ నగరంలో బతికిన ఈ పెద్దమనిషి ఇంట్లో ఏది ఉండవచ్చు, ఏది ఉండకూడదు అన్న విషయం మీద చాలా కచ్చితమైనవాడు. అది మోటు, ఇది మోటు అని ఆయన తోసిపుచ్చిన వస్తువుల జాబితా చదువుతుంటే ఒకోసారి నవ్వు, ఒకోసారి విసుగు వస్తాయి. నీళ్ళ బుడ్డి దగ్గర మాత్రం ఆయన రుచి గురించి కాకుండా వాడకం గురించి మాట్లాడాడు. రాగి స్వభావం తీక్ష్ణమైనది, అందులో నీళ్ళు చాలాకాలం నిలవ ఉంటే విషమెక్కుతాయి, కుంచె వెంట్రుకలు పెళుసుబారతాయి, అందుచేత మట్టితో చేసి కాల్చినదే మేలు అన్నాడు. మా నాయనమ్మకూ ఆయనకూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరేది.

ఇది త్సావ్ జావ్ తీర్పు కంటె గట్టి అభ్యంతరం. ఎందుకంటే ఎనామిల్ వస్తువు కింద ఉన్నది రాగే. అయితే ఈ అభ్యంతరానికి జవాబు కూడా ఎనామిల్ పనిలోనే ఉంది, అదీ ఎవరూ దాన్ని జవాబుగా ఉద్దేశించకుండానే. తీగలు లేకుండా, పలుచని రాగి మీద కుంచెతో రంగులు వేసి కాల్చే ఎనామిల్ ఉంది చూశారా, అందులో పూత ఒక్క వైపే వేస్తే కుదరదు. వేడి తగ్గేటప్పుడు రాగి ముడుచుకునే తీరు వేరు, గాజు ముడుచుకునే తీరు వేరు. ఒక్క వైపే లాగుడు ఉంటే రేకు వంగుతుంది, పూత పగులుతుంది. అందుకని లోపలి వైపు కూడా ఎనామిల్ వేస్తారు, సాధారణంగా తెలుపో లేత నీలమో. పూర్వం మన ఇళ్ళలో నీలి అంచుతో ఉండే తెల్ల ఎనామిల్ పళ్ళేలు రెండు వైపులా పూతతోనే ఉండేవి, పెచ్చు ఊడిన చోట మాత్రమే తుప్పు పట్టేది. అంటే ఛింగ్ కాలపు చిత్రపు ఎనామిల్ బుడ్డిలో పోసిన నీళ్ళు రాగిని తాకవు. గాజును తాకుతాయి. వెన్ జెన్‌హెంగ్ మరో ఎనభై ఏళ్ళు బతికి ఉంటే ఆ బుడ్డిని కాదనడానికి వాడకం పేరిట ఆయనకు కారణం మిగిలేది కాదు. తీగల ఎనామిల్ పాత్రల లోపల దట్టంగా వేసిన బంగారు మలాము కూడా, అరిగిపోనంతకాలం, అదే పని చేస్తుంది. నా బుడ్డిలో అరిగింది, అంతే. ఇది నేను చేసుకున్న ఊహ. ఛింగ్ పనివాడు కుంచె వెంట్రుకల క్షేమం కోరి లోపల పూత వేశాడని నేననడం లేదు. ఫలితం మాత్రం అదే.

కాబట్టి బల్లకు పనికిరాదు అన్న మాట వాడకం దగ్గర నిలవదు. రుచి దగ్గరే నిలవాలి. ఆ రుచిని పండితులు తమంతట తాము మార్చుకున్నారా, లేక వాళ్ళ మీద ఒకరు మార్చారా అన్నదే అసలు ప్రశ్న.

కొలువులో కొలిమి

ఛింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తికి ఐరోపా నుంచి వచ్చిన చిత్రపు ఎనామిల్ మీద మోజు పుట్టింది. 1696లో జర్మన్ పాదరీ కిలియన్ స్టుంప్ఫ్ సాయంతో గాజు కర్మశాల పెట్టించాడు. ఎనామిల్ కూడా తన కర్మశాలలలోనే పుట్టాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదల ఎలాంటిదో ఇటలీ పాదరీ మత్తేయో రీపా రాసిన మాటల్లో కనిపిస్తుంది. 1716లో ఆయననూ చిత్రకారుడు కాస్టిలియోనెనూ ఎనామిల్ రంగులతో బొమ్మలు వేయమని ఆజ్ఞాపించారు. ఆ విద్య తాము నేర్చుకోలేదని ఇద్దరూ మొరపెట్టుకున్నారు. వినలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కర్మశాలలో పడి ఉండవలసి వస్తుందని భయపడి, నేర్చుకోకూడదని ముందే నిశ్చయించుకుని, కావాలనే చాలా వికారంగా వేశారు. చక్రవర్తి చూసి, ఇక చాలు అన్నాడు. ఓడలో తెడ్లు వేసే బానిసల బతుకు నుంచి బయటపడ్డాం అని రీపా రాసుకున్నాడు.

కేటలాగులో నిగనిగలాడే వస్తువులను చూసినప్పుడల్లా నాకు ఈ ఇద్దరి చెడగొట్టుడు గుర్తుకు వస్తుంది. కాస్టిలియోనె తరవాత యాభై ఏళ్ళు ఆ కొలువులోనే ఉండి, ముగ్గురు చక్రవర్తులకు బొమ్మలు వేసి, 1766లో పెకింగు (నేటి బీజింగ్)లోనే కన్నుమూశాడు. అంతటి చెయ్యి గలవాడు చెడగొట్టడానికి ఎంత శ్రమపడి ఉంటాడో! అవి ఒక్కటైనా మిగిలి ఉంటే, నా మట్టుకు నాకు, చక్కగా కుదిరిన పది వస్తువుల కంటె అదే ఎక్కువ చెప్పేది.

వాళ్ళు తప్పించుకున్నా కొలిమి ఆగలేదు. అదే ఏడు గ్వాంగ్‌డోంగ్ గవర్నరు పాన్ చున్ మొదలైన స్థానిక పనివాళ్ళను వెదికి రాజధానికి పంపాడు. 1719లో ఫ్రాన్సు నుంచి గ్రావెరో అనే ఎనామిల్ పనివాడు వచ్చి చేరాడు. యోంగ్‌జెంగ్ కాలంలో, 1728లో, చక్రవర్తి తమ్ముడే దగ్గరుండి చూసుకోగా, కర్మశాల తన రంగులను తానే తయారుచేసుకునే స్థితికి వచ్చింది. పరాయి రంగు సీసాల కోసం ఓడలవైపు చూడనక్కరలేకపోయింది. తీగల ఎనామిల్ కూడా ఈ వేడిలోనే మళ్ళీ చిగిర్చి, చియెన్‌లోంగ్ కాలానికి, అంటే 1736 తరవాతి అరవై ఏళ్ళలో, ప్రాసాదపు గదులను ధూపపాత్రల నుంచి కుంచెల దన్నుల దాకా నింపివేసింది. గళ్ళలో గాజుపొడి నింపి దాదాపు ఎనిమిది వందల డిగ్రీల వేడిలో కాలిస్తే, కరిగిన గాజు కిందికి దిగిపోయి గడి సగమే నిండుతుంది. మళ్ళీ నింపాలి, మళ్ళీ కాల్చాలి, గాజు తీగ ఎత్తుకు చేరేదాకా ఇదే తంతు. ఆపైన రాతితో, బొగ్గుతో అరగదీయాలి. చివరకు బయటపడిన తీగల మీద బంగారం ఎక్కించాలి. కుంచె ఆనించుకోవడానికి ఇదంతా అక్కరలేదు. ఒక నది గులకరాయి చాలు. పండితులు చాలాసార్లు అదే వాడారు.

ఈ కథలో పండితుడు ఎక్కడున్నాడు? రంగు కోరినది చక్రవర్తి, కలిపినది పనివాడు, తప్పించుకు పారిపోయినది పాదరీ. బల్ల చక్రవర్తిది. ఆయన కుంచె పట్టి రాసేవాడే, కవిత్వం చెప్పేవాడే (చియెన్‌లోంగ్ అయితే మితం లేకుండా చెప్పాడు). ఈశాన్యం నుంచి వచ్చి చైనాను ఏలిన మంచూ వంశపు పాలకుడు చైనా పండితుని వేషం కట్టుకున్నప్పుడు ఆ బల్ల మీద ఏముండాలో ఆయన తన ఇష్టప్రకారం నిర్ణయించాడు. ఆ నిర్ణయంలో త్సావ్ జావ్ తీర్పుకు చోటు లేదు. అందుకే ఈ వస్తువులు నాకు ఇష్టం. పండితుల రుచిని ధిక్కరించిన వస్తువును తీసుకువచ్చి పండితుల ఖాతాలో రాస్తే ఆ ధిక్కారం కాస్తా కనిపించకుండా పోతుంది.

గవర్నరు గారి కృతజ్ఞత

ఇంతవరకు వచ్చి కలం పక్కన పెడదామనుకున్నాను గాని, నా వాదానికి ఎదురు నిలిచే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనను దాటవేయడం న్యాయం కాదు. చెన్ యువాన్‌లోంగ్ అసలుసిసలు పండితుడు. 1685లో రాజధాని పరీక్షలలో దేశం మొత్తానికి రెండో స్థానంలో నిలిచినవాడు, దస్తూరికి పేరుపడ్డవాడు, వస్తువుల పుట్టుపూర్వోత్తరాల మీద పెద్ద విజ్ఞానకోశం కూర్చినవాడు. 1716లో ఆయన గ్వాంగ్షీ గవర్నరుగా ఉండగా కాంగ్‌షీ ఆయనకు కొన్ని బహుమతులు పంపాడు. ముక్కుపొడి సీసా ఒకటి, ఎనిమిది పలకల పెట్టెలో అమర్చిన సాన ఒకటి, నీళ్ళ బుడ్డి ఒకటి, గుండ్రని గంధపు పెట్టె ఒకటి. చక్రవర్తి కర్మశాలలో చేసిన ఎనామిల్ పని. సాన, నీళ్ళ బుడ్డి అంటే సరిగ్గా పండితుని బల్ల మీది వస్తువులే కదా!

ఆయన రాసిన కృతజ్ఞతా పత్రం దక్కింది. ఎనామిల్ ప్రాచీన కాలంలో లేదని, మింగ్ వంశపు జింగ్‌తాయ్ కాలంలో మొదలైందని, అప్పటి రంగులు మందకొడిగా కాంతి లేకుండా ఉండేవని, ఈమధ్య పడమటి దేశాల నుంచి వచ్చినవాటిని జనం వింతగా దాచుకుంటున్నారని, ఏలినవారు రాజకార్యాల నడుమ దొరికిన తీరిక వేళల్లో దీని మర్మం గ్రహించి స్వయంగా చెప్పి చేయించడం వల్ల ఇప్పుడు ఇక్కడి పని పరాయి పనిని ఎంతో మించిపోయిందని అందులో ఉంది. (ప్రాచీనంలో లేదన్నది సరే, జింగ్‌తాయ్‌లో మొదలైందన్నది తప్పు. షువాన్‌డే కూజా అందుకు సాక్షి. విజ్ఞానకోశం కూర్చినవాడికి కూడా ఆ ముద్ర మోసం తప్పలేదు. నా సింగపూరు బుడ్డి విషయంలో నాకు దక్కిన ఒకే ఒక్క ఓదార్పు ఇది.)

ఈ పత్రాన్ని ఎలా చదవాలి? పండితుడు ఎనామిల్‌ను మనసారా మెచ్చుకున్నాడని చదవవచ్చు. అప్పుడు నా వాదం సగం పడిపోతుంది. ప్రభువు పంపిన కానుకకు సామంతుడు రాసిన పొగడ్త అని కూడా చదవవచ్చు. చక్రవర్తి పనివాళ్ళ కొలిమి దగ్గర నిలబడి తెలుసుకున్న విద్యను గవర్నరు కాదంటాడా? చాలాకాలం నేను రెండో విధంగానే చదివాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఎనామిల్ పూర్వచరిత్ర, రంగుల మందకొడితనం, పరాయి పనితో పోలిక, ఇవన్నీ ఉత్త పొగడ్తకు అక్కరలేని వివరాలు. వస్తువులను శ్రద్ధగా చూసే అలవాటున్న మనిషి మాత్రమే అలా రాస్తాడు. ఆయనకు ఆ నీళ్ళ బుడ్డి నచ్చి ఉండవచ్చు. అయితే ఆయన దానిలో నీళ్ళు పోశాడా? చక్రవర్తి చేతి కానుకను బల్ల మీద సిరా మరకల నడుమ ఉంచుకునే ధైర్యం చేశాడా, లేక పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచి, పండగలకు తీసి నమస్కరించాడా? నా పందెం పట్టుగుడ్డ మీద.

నాకే నచ్చని నా వాదన

ఈ మాటలన్నీ ఒక సాయంత్రం మా అన్నయ్య కూతురికి చెప్పాను. తను చిన్నప్పుడు నాతో సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చి, తూర్పు దేశాల గదుల్లో ఎనామిల్ పాత్రల అద్దానికి ముక్కు ఆనించి, "బాబాయ్, ఇది పెన్ స్టాండా, పూలకుండీయా?" అని అడిగిన పిల్ల. ఇప్పుడు డిజైన్ చదువుతోంది. అంతా విని, "పండితుడు అంటే నిరాడంబరంగా ఉండాలన్నది ఆ పండితులు చెప్పుకున్న మాటే కదా బాబాయ్. వాళ్ళ మాట తప్పంటూనే వాళ్ళ నిర్వచనాన్నే పట్టుకున్నావు" అంది.

సమాధానం వెంటనే తోచలేదు. ఆమె అన్నది నిజం. పండితుల సాదాతనం చవకైనది కాదు. పేరున్న గని నుంచి వచ్చిన సానకు, పాత పచ్చరాతి దన్నుకు వాళ్ళు పోసిన డబ్బు తక్కువేమీ కాదు. పైగా పరాయిదనం ఎనామిల్‌కే పరిమితం కాదు. జెంగ్‌డే చక్రవర్తి కాలంలో, 1506కూ 1521కూ మధ్య, నీలం తెలుపు పింగాణీతో చేసిన ఐదు శిఖరాల దన్ను ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద అరబ్బీ లిపిలో పర్షియన్ మాట రాసి ఉంది: ఖామాదాన్, కలం పెట్టుకునేది అని. మన హైదరాబాదువాళ్ళకు కలందాన్ అంటే తెలుసు కాబట్టి ఆ మాట చూడగానే చుట్టం కనిపించినట్టు ఉంటుంది. చైనా కొండ ఆకారం, పర్షియన్ పేరు, ప్రాసాదపు ముద్ర. దాన్ని ఏ గదికి పంపుదాం?

లిన్ హుయిన్ సంగతి కూడా ఉంది. 1924లో టాగోర్ పెకింగు వెళ్ళినప్పుడు ఆయన పక్కన నిలబడి దుబాసీగా మాట్లాడిన ఆ యువతి తరవాత వాస్తుశిల్ప పండితురాలు, కవయిత్రి అయింది. 1950ల మొదట్లో పెకింగులో తీగల ఎనామిల్ పని దాదాపు అంతరించే దశలో ఉంటే, క్షయతో మంచం పట్టి ఉండి కూడా, భర్త లియాంగ్ సెచెంగ్‌తో, త్సింగ్‌హువా విశ్వవిద్యాలయపు యువ సహచరులతో కలిసి దానికి కొత్త నమూనాలు గీయించింది. 1952లో పెకింగులో జరిగిన శాంతి సమావేశానికి వచ్చిన విదేశీ ప్రతినిధులకు ఆ పని కానుకగా వెళ్ళింది. 1955లో ఆమె మరణించింది. ఆమె కంటె పండితురాలిని ఎక్కడ తెస్తాం? ఆమె చేతిలోకి వచ్చాకైనా ఆ పని పండితుల పని అయిందని ఒప్పుకోవాలి. త్సావ్ జావ్ ఆడవారికి వదిలేసిన పనిని ఐదున్నర శతాబ్దాల తరవాత ఒక స్త్రీ తన మంచం పక్కకు తెప్పించుకుని నిలబెట్టిందని తలచుకుంటే ఆయన తీర్పు వేరే రకంగా నెగ్గినట్టు కూడా ఉంది.

అందుచేత నా వాదాన్ని కొంత కుదించుకుంటున్నాను. ఎనామిల్ పండితుని బల్ల మీద ఉండలేదని అనను, ఉండకూడదని అసలే అనను. వేలం కేటలాగు ఆ పేరు వాడేటప్పుడు ఏ పండితుడు, ఎవరు ఇస్తే, ఏ బల్ల అని ఒక్క వాక్యమైనా రాయాలని మాత్రం ఇప్పటికీ అంటాను. ప్రాసాదం కోసం చేసినదైతే అలా చెప్పాలి. గ్వాంగ్‌జౌ బజారులో విదేశీ ఓడల కోసం చేసినదైతే అలా చెప్పాలి. ఇవేవీ తెలియకపోతే రాగి, గాజు, బంగారు మలాము అని రాసి ఊరుకోవాలి. "పండితుని" అన్న మాట ధరను పెంచుతుందన్నది నాకు తెలియనిది కాదు.

డాలస్ మిత్రునికి ఇంత పొడుగు జాబు రాయలేదు. పేరు సంగతి వదిలేసి, దాన్ని తిరగేసి అడుగుభాగం ఫొటో తీసి పంపమని వేలంవాళ్ళను అడగండి అని మాత్రం రాశాను. నాలుగు రోజులకు ఫొటో వచ్చింది. అడుగున బంగారు మలాము ఒక మూల కొద్దిగా అరిగి ఉంది. శిఖరాల కింది గళ్ళలో రెండు మూడు చోట్ల, కాల్చేటప్పుడు గాలిబుడగలు పగిలిన చిన్న గుంటలున్నాయి, ఎవరూ మైనం పెట్టి పూడ్చలేదు. పెద్దది చేసి ఎంత వెదికినా ముద్ర ఎక్కడా లేదు. ఆ వస్తువు మీద నాకు ఆశ కలిగింది అప్పుడే.